జేబుకత్తి కొనే ముందు సానరాయి సంగతి తేల్చుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏ వస్తువు ఎలా ఎంచుకోవాలో చెప్పే శీర్షికల్లో అప్పుడప్పుడు మడత జేబుకత్తుల ప్రస్తావన కూడా వస్తుంటుంది. వచ్చిన ప్రతిసారీ ఒక అంకె దగ్గరే ఆగిపోతుంది. ఉక్కు గట్టిదనం 60 అనో, 62 అనో రాసి, అది ఎంత ఎక్కువుంటే కత్తి అంత మంచిదన్నట్టు ముగిస్తారు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని కొంటే మొన విరిగిన కత్తో, అంచు పెచ్చులూడిన కత్తో చేతిలో మిగలొచ్చు. అదీ కాకపోతే, ఒకసారి మొద్దుబారాక ఇంట్లో ఉన్న ఏ సానరాయికీ లొంగని కత్తి సొరుగులో పడి ఉంటుంది. గట్టి ఉక్కు కత్తి కొనేవాళ్లు దాన్ని దేనితో నూరబోతున్నారో కొనకముందే తేల్చుకోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. దీన్ని వివరంగా ఎవరూ రాయడం లేదు కాబట్టి కాస్త పొడవైనా సరేనని రాస్తున్నాను.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. అది రాక్‌వెల్ సి కొలత. 120 డిగ్రీల కోణంలో చెక్కిన వజ్రపు మొనను మొదట 10 కిలోల బరువుతో ఉక్కు మీద ఆనిస్తారు. బరువును మొత్తం 150 కిలోలకు పెంచి, మళ్లీ 10కి తగ్గించి, ఉక్కులో ఎంత లోతు గుంట మిగిలిందో కొలుస్తారు. గుంట లోతు 0.002 మిల్లీమీటరు తగ్గితే అంకె ఒకటి పెరుగుతుంది. అంటే ఉక్కు నొక్కుడుకు ఎంత లొంగుతుందో మాత్రమే ఈ పరీక్ష చెబుతుంది. రాపిడికి ఎంతకాలం ఆగుతుందో, పక్కకు వంచితే విరుగుతుందో లేదో, తుప్పు పడుతుందో లేదో అందులో తెలియదు. 60 అని రాసిన రెండు కత్తులు వాడకంలో ఒకదానికొకటి పోలికే లేకుండా ఉండొచ్చు.

అయినా అంకె బొత్తిగా పనికిరానిదని కాదు. చాలా పనిముట్లు కలిపి ఉండే విక్టోరినాక్స్ జేబుకత్తుల బ్లేడు 55, 56 దగ్గర ఉంటుంది. ఆ ఉక్కు త్వరగా మొద్దుబారుతుంది, అంతే త్వరగా మళ్లీ పదునెక్కుతుంది. దెబ్బ తగిలితే అంచు పక్కకు వాలుతుందే తప్ప ఊడిపోదు. 58 నుంచి 61 దాకా ఉన్నవి రోజువారీ పనికి బాగా సరిపోతాయి. 62 దాటాక లాభంతో పాటు పెళుసుదనమూ లెక్కలోకి వస్తుంది. మెత్తటి ఉక్కులో అంచు వాలిపోవడం మామూలు, గట్టి ఉక్కులో అంచు చిన్న చిన్న పెచ్చులుగా రాలిపోవడం మామూలు. వాలిన అంచును రాయి మీద నాలుగు లాగులతో నిలబెట్టొచ్చు. రాలిన చోట మాత్రం పెచ్చు లోతు మేరకు అంచు మొత్తాన్నీ అరగదీయాల్సిందే.

రాపిడికి ఆగే గుణం గట్టిదనం కన్నా ఉక్కులో ఉండే కార్బైడు రేణువుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కార్బన్ వెళ్లి క్రోమియంతోనో, వెనేడియంతోనో కలిస్తే చుట్టూ ఉన్న ఉక్కు కన్నా ఎంతో గట్టి రేణువులు ఏర్పడతాయి. అట్ట, తాడు, గోనె లాంటివి కోసేటప్పుడు అంచు అరగకుండా కాచేది ఇవే. వీటిలో వెనేడియం కార్బైడు అన్నిటికన్నా గట్టిది. మామూలు సానరాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడు కన్నా కూడా గట్టిది. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. రాయిలోని గరుకు రేణువు ఉక్కులోని రేణువు కన్నా మెత్తనైతే రాయి దాన్ని కోయలేదు. చుట్టూ ఉన్న ఉక్కును మాత్రమే గీకుతుంది. గంటసేపు నూరినా అంచు మెరుస్తుంది గానీ కోయదు. నూరేవాళ్లు తమ చెయ్యి తిరగలేదనుకుంటారు, నిజానికి తప్పు రాయిది.

పేర్లతో చెబితే సులువుగా అర్థమవుతుంది. 1095 అనే సాదా కార్బన్ ఉక్కులో కార్బన్ 0.95 శాతం దగ్గర ఉంటుంది, క్రోమియం లెక్కలోకి వచ్చేంత ఉండదు. ఏ రాయి మీదైనా పదునెక్కుతుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. 14సీ28ఎన్ అనే స్టెయిన్‌లెస్ రకంలో కార్బన్ 0.62, క్రోమియం 14 శాతం. రేణువులు సన్నగా ఉంటాయి కాబట్టి పలచటి అంచును బాగా నిలుపుకుంటుంది, ఇంట్లో ఉండే రాయికే లొంగుతుంది. వీజీ-10, 440సీ కూడా మామూలు రాళ్లతో నూరుకోదగ్గవే, కాస్త ఓపిక పట్టాలి. డీ2లో కార్బన్ 1.5, క్రోమియం 12 శాతం. క్రోమియం అంతుందని స్టెయిన్‌లెస్ అనుకోకండి. అందులో పెద్ద భాగం కార్బైడు రేణువుల్లో చిక్కుకుపోతుంది, తుప్పును ఆపడానికి బయట మిగిలేది కొద్దిగానే. చెమట చేత్తో పట్టుకుని అలాగే వదిలేస్తే మచ్చలు పడతాయి. ఎస్30వీ, ఎం390 రెండింటిలోనూ వెనేడియం 4 శాతం దగ్గర ఉంటుంది. వీటిని అల్యూమినియం ఆక్సైడు రాయితో నూరడం కుదరదని కాదు గానీ ప్రాణం విసుగెత్తుతుంది. ఎస్90వీలో వెనేడియం 9 శాతం, దానికి వజ్రపు పూత ఉన్న పలక తప్పదు. 2021లో వచ్చిన మాగ్నాకట్‌లో కూడా వెనేడియం 4 శాతమే. కానీ క్రోమియం కార్బైడులు ఏర్పడకుండా పాళ్లు కలపడంతో క్రోమియం ఉక్కులోనే మిగిలి తుప్పును గట్టిగా ఆపుతుంది, రేణువులు సన్నగా ఉండి పెళుసుదనమూ తగ్గింది. నూరడానికి మాత్రం దానికీ వజ్రమే మేలు.

పేరు ఒకటే అయినా కత్తి ఒకటే కాదు. ఉక్కును ఎర్రగా కాల్చి, వేగంగా చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో కాసేపు ఉంచి పెళుసుదనం తగ్గిస్తారు. ఈ పనిలో ఏ మెట్టు దగ్గర పొరపాటు జరిగినా బ్లేడు మీద చెక్కిన పేరుకు విలువుండదు. సరిగా కాల్చిన డీ2 60 దగ్గర నిలిస్తే, అదే ఉక్కును అజాగ్రత్తగా కాలిస్తే 56కు పడిపోతుంది. ఆ స్థితిలో దానికన్నా చవకరకం ఉక్కే నయం. అందుకే గట్టిదనాన్ని ఒకటి రెండు అంకెల తేడాతో, ఉదాహరణకు 59-61 అని, స్పష్టంగా రాసే తయారీదారును నమ్మొచ్చు. ఉక్కు పేరు రాయకుండా కేవలం ‘సర్జికల్ స్టీలు’ అనో ‘జపాన్ ఉక్కు’ అనో రాస్తే ఆ కత్తిని వదిలేయడం మంచిది.

ఉక్కు కన్నా ముందు చూడాల్సింది అంచు వెనుక మందం. దీన్ని వాణిజ్య ప్రకటనల్లో ఎవరూ రాయరు, అయినా కోత ఎలా సాగుతుందన్నది అన్నిటికన్నా ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. పదును వాలు ఎక్కడ మొదలవుతుందో అక్కడ బ్లేడు మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. 0.3 నుంచి 0.5 మిల్లీమీటరు ఉంటే కత్తి వస్తువులోకి దిగుతుంది. 0.7 దాటితే ఎంత పదునున్నా దిగదు, మేకులా ఇరుక్కుని వస్తువును చీలుస్తుంది. బ్లేడు వీపు మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు జేబుకత్తికి చాలు. 4 మిల్లీమీటర్ల బ్లేడును దృఢమని అమ్ముతారు. మడతకత్తిలో మొదట లొంగేది బ్లేడు కాదు, అది తిరిగే ఇరుసూ, తెరిచాక దాన్ని నిలిపే లాకూ. ఆ మందం పనికి అడ్డమే తప్ప బలం కాదు. గట్టి ఉక్కుకు అంచు కోణం ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. 15 కన్నా తగ్గిస్తే కోత అద్భుతంగా ఉంటుంది, కానీ అట్టపెట్టెలో ఒక్క పిన్ను తగిలినా అంచు రాలుతుంది. కొత్తగా కొన్నవాళ్లు 18 దగ్గర మొదలుపెట్టడం మంచిది.

మడమ దగ్గర, అంటే పిడికి ఆనుకున్న చోట, అంచు చివర చిన్న గాడి ఉందో లేదో చూడండి. అది లేకపోతే అంచులో చివరి రెండు మూడు మిల్లీమీటర్లు రాయికి ఆనవు. ఏళ్ల తరబడి నూరిన కొద్దీ మిగతా అంచు అరిగి అక్కడ మెట్టులా తయారవుతుంది. చిన్న విషయమే గానీ తర్వాత సరిదిద్దడం కష్టం.

లాకు గురించి క్లుప్తంగా చెబుతాను. లాకు లేకుండా వెనుక స్ప్రింగుతోనే నిలిచే కత్తి తేలికపాటి పనికి హాయిగా ఉంటుంది, మొనతో పొడిచే పనికి పనికిరాదు. ఒపినెల్ కత్తులకు 1955 నుంచి ఉన్న తిప్పుడు ఉంగరం చాలా సులువైన, నమ్మదగ్గ లాకు. పిడి లోపలి పలకే పక్కకు జరిగి బ్లేడు కాలిని, అంటే పిడిలో ఉండే బ్లేడు వెనుక భాగాన్ని, ఆపే రకం అయితే, పూర్తిగా తెరిచి లోపలికి చూడండి. పలక బ్లేడు కాలి మందంలో పావు నుంచి సగం దాకా ఆని ఉండాలి. కొత్తలోనే అవతలి అంచుకు చేరిపోయిందంటే అరగడానికి ఇక చోటు లేదన్నమాట. అంచుకూ మూత పడే దారికీ వేళ్లు అడ్డం లేకుండా పిడిని పట్టుకుని, వీపు మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. కదలిక ఉండకూడదు. వీపును బల్లకేసి కొట్టి పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. అది లాకును పరీక్షించడం కాదు, పాడుచేయడం. బ్లేడు మూసినప్పుడు రెండు పలకల మధ్య సరిగ్గా నడుమ ఉండాలి. పక్కకు ఒరిగి పలకను రాసుకుంటుంటే తెరిచిన ప్రతిసారీ అంచు మొద్దుబారుతుంది.

ఇక నూరడం. గట్టి ఉక్కుకు నేను సూచించే సరంజామా చిన్నదే. 45, 25, 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంకె తగ్గేకొద్దీ పలక సన్నం) వజ్రపు పలకలు మూడు, ఒక మైక్రాన్ వజ్రపు పేస్టు రాసిన తోలుపట్టీ ఒకటి. పలకలు కనీసం 15 సెంటీమీటర్ల పొడవుంటే చెయ్యి నిలకడగా సాగుతుంది. మామూలుగా మొద్దుబారిన కత్తికి 25 నుంచి మొదలుపెడితే చాలు. 45 మైక్రాన్ పలక పెచ్చులూడినప్పుడూ, కోణం మార్చాల్సి వచ్చినప్పుడూ మాత్రమే.

కోణం అందరినీ భయపెడుతుంది, కానీ లెక్క తేలిక. బ్లేడు వెడల్పు 20 మిల్లీమీటర్లయితే 15 డిగ్రీల కోణానికి వీపును రాయి మీద నుంచి 5.2 మిల్లీమీటర్లు ఎత్తాలి, 20 డిగ్రీలకు 6.8. వెడల్పు 25 మిల్లీమీటర్లయితే 15 డిగ్రీలకు 6.5, 20 డిగ్రీలకు 8.6. ఆ ఎత్తుకు సరిపడా నాణేలు పేర్చి, వీపు వాటి మీద ఆనించి చూస్తే కోణం కంటికి అలవాటవుతుంది. తర్వాత పదును వాలు మీద మార్కర్ పెన్నుతో నల్లగా రంగు పూయండి. రాయి మీద రెండు లాగులు లాగి వెలుతురులో చూడండి. రంగు వీపు వైపు మాత్రమే పోతే కోణం తక్కువైంది. అంచు కొసన మాత్రమే పోతే ఎక్కువైంది. వాలు మొత్తం సమంగా పోతే సరిగ్గా ఉన్నట్టు. మొన దగ్గరకు వచ్చేసరికి బ్లేడు వంపు తిరుగుతుంది కాబట్టి పిడిని కొద్దిగా పైకెత్తాలి. ఎత్తకపోతే మొన దగ్గర రంగు చెక్కు చెదరకుండా కనిపిస్తుంది.

వజ్రపు పలక మీద బలం చూపించకండి. గట్టిగా నొక్కితే పూతలోంచి వజ్రపు రేణువులు లేచిపోతాయి, అంచులోనూ లోతైన గీతలు పడి పెచ్చులకు దారి ఇస్తాయి. కత్తి బరువుకు మీ వేలి బరువు కొంచెం తోడైతే చాలు. కొత్త పలక మొదట్లో మరీ గరుగ్గా కోస్తుంది, కొన్నాళ్లు వాడాక సర్దుకుంటుంది. నాలుగు చుక్కల సబ్బునీళ్లు వేసి నూరి, పని అయ్యాక కడిగి ఆరబెట్టండి.

ఒక వైపు నూరుతూ పోతే అంచు కొసన లోహం సన్నటి పొరలా అవతలి వైపుకు ఒరుగుతుంది. దీన్నే బర్ అంటారు. బొటనవేలి కొసను వీపు నుంచి అంచు దిశగా, అంచు దాటేలా మెల్లగా జార్చితే గోరుకు తగిలే గరుకులా తెలుస్తుంది. అంచు వెంట పొడవునా మాత్రం ఎప్పుడూ వేలు జరపకండి. మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా బర్ వచ్చేదాకా ఆ వైపును వదలకూడదు. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. బర్ రాకముందే సన్న పలకకు వెళ్లిపోతారు. అంచు రెండు వాలులు కలవకుండా మధ్యలో చిన్న చదును మిగిలిపోతుంది. ఆ తర్వాత ఎంత సన్నటి రాయి వాడినా ఆ చదును మెరుగెక్కుతుందే గానీ పదునెక్కదు.

బర్ వచ్చాక రెండో వైపు కూడా అంతే చేయాలి. తర్వాత అదే పలక మీద ఒక వైపు ఒకటి, ఇంకో వైపు ఒకటి చొప్పున, ప్రతిసారీ బలం తగ్గిస్తూ పది పదిహేను లాగులు. సన్న పలక మీదకు వెళ్లి మళ్లీ అదే వరస. చివర్లో కోణాన్ని ఒకటి రెండు డిగ్రీలు పెంచి, కత్తి బరువు మాత్రమే ఆనేలా ఒక్కో వైపు రెండు మూడు లాగులు లాగితే మిగిలిన బర్ తెగిపోతుంది. గట్టి ఉక్కులో బర్ చిన్నగా, మొండిగా ఉంటుంది. ఊడిందనిపించినా ఉంటుంది. కాగితం కోసినప్పుడు మొదట చక్కగా దిగి, రెండు అట్టలు కోయగానే పదును పోయిందంటే అది అంచు కాదు, నిలబడి ఉన్న బర్. దాన్ని తోలు మీద ఎంత దువ్వినా పోదు, సన్న పలక మీదే తెంచాలి. తోలు మీద అంచు వెనక్కి ఉండేలా ఒక్కో వైపు ఐదు నుంచి పది లాగులు చాలు. తోలులోకి కత్తిని అదిమితే అంచు చుట్టూ తోలు ఉబికి కొసను గుండ్రం చేస్తుంది.

పదును చూడటానికి చేతి మీద వెంట్రుకలు గీకక్కర్లేదు. దీపం కింద అంచును మీ వైపు తిప్పి చూడండి. నిజంగా పదునున్న అంచు వెలుతురును వెనక్కి పంపదు. ఎక్కడ తెల్లటి చుక్కో గీతో మెరుస్తుందో అక్కడ చదునో, పెచ్చో ఉంది. ఆ తర్వాత పలచటి కాగితాన్ని మడమ నుంచి మొన దాకా ఒకే లాగులో కోయండి. ఎక్కడ గీరుకుంటే అక్కడ పని మిగిలింది.

కొత్త కత్తి పదును తొందరగా పోతే ఉక్కును తిట్టకండి. కర్మాగారంలో బెల్టు మీద వేగంగా సాన పట్టేటప్పుడు అంచు కొస కాలి మెత్తబడటం, దెబ్బతినటం మామూలే. రెండు మూడు సార్లు చేత్తో నూరి ఆ పొర పోయాక అసలు ఉక్కు బయటపడుతుంది. ఇదే కారణంగా గట్టి ఉక్కు కత్తిని కరెంటు సాన చక్రానికి ఇవ్వకూడదు. చాలా రకాల కత్తి ఉక్కులకు పెళుసుదనం తగ్గించే ఆ చివరి వేడి 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అంచు కొస వెంట్రుక కన్నా సన్నం కాబట్టి చక్రం మీద క్షణంలో ఆ వేడి దాటిపోతుంది. లేత పసుపు రంగు తిరిగిందంటే 200 దాటింది, నీలం తిరిగిందంటే 290 దాటింది. రంగును రుద్ది పోగొట్టొచ్చు, పోయిన గట్టిదనం తిరిగి రాదు. నీళ్లలో ముంచి చల్లార్చినా అంతే, వేడి అప్పటికే పని చేసేసింది. ముల్లు తీయడానికి మొనను మంట మీద పెట్టే అలవాటు కూడా దీనికిందికే వస్తుంది. స్పిరిటుతో తుడవండి.

వాడకంలో గట్టి ఉక్కుకు శత్రువు పక్క ఒత్తిడి. నేరుగా కోసినంతసేపు 62 ఉన్న అంచు ఎంతైనా ఓర్చుకుంటుంది, చెక్కలో దిగిన కత్తిని మెలితిప్పిన మరుక్షణం రాలుతుంది. డబ్బా మూత ఎత్తడం, స్క్రూ తిప్పడం, మేకు పెరకడం మొనతో చేసే పనులు కావు. ఎముక, గడ్డకట్టిన పదార్థాలు, తీగలు ఈ కత్తికి వద్దు. కింద పెట్టే పలక చెక్కదో, మెత్తటి ప్లాస్టిక్‌దో కావాలి. పింగాణీ పళ్లెం గానీ, గాజు గానీ అంచుకు ఏమాత్రం లొంగవు, ఒక్క లాగుతో అంచు వాలిపోతుందో రాలుతుందో చెప్పలేం. అట్టపెట్టె కోసే ముందు పిన్నులు ఎక్కడున్నాయో చూసుకోండి. కోసిన ముక్కలను బ్లేడుతో పక్కకు తోయాల్సివస్తే వీపుతో తోయండి, అంచుతో కాదు.

పెచ్చు ఊడిందనుకోండి. అరమిల్లీమీటరు లోతు దాకా ఉంటే ఇంట్లోనే పోగొట్టొచ్చు. పెచ్చు ఉన్న చోట మాత్రమే నూరితే అక్కడ గుంట పడి అంచు అలలు తిరుగుతుంది. 45 మైక్రాన్ పలక మీద అంచు పొడవునా సమంగా అరగదీస్తూ పెచ్చు అడుగు దాకా రావాలి. అలా వచ్చాక అంచు వెనుక మందం పెరుగుతుంది. 10 నుంచి 12 డిగ్రీల దగ్గర పట్టుకుని భుజాలను, అంటే పదును వాలు మొదలయ్యే చోటును, పలచన చేసి, ఆ తర్వాతే 18 దగ్గర అంచు పెట్టాలి. భుజాలు తీయకుండా వదిలేస్తే కత్తి కాగితం కోస్తుంది, ఇంకేమీ కోయదు.

తుప్పు గురించి ఒక విషయం చాలామంది పట్టించుకోరు. బ్లేడు తళతళలాడుతున్నా అంచు కొస తుప్పు పట్టి ఉండొచ్చు. అక్కడ లోహం అతి పలచన కాబట్టి కంటికి కనిపించని తుప్పుకే పదును పోతుంది. పుల్లటి పండు కోసి తుడవకుండా మూసిన కత్తి మర్నాటికి మొద్దుబారడానికి కారణం ఇదే కావచ్చు. పని అయిన వెంటనే తడిబట్టతో, ఆ తర్వాత పొడిబట్టతో వీపు వైపు నుంచి తుడవండి. కార్బన్ ఉక్కు మీద నీలం, బూడిద కలిసిన రంగు తిరిగితే కంగారు పడక్కర్లేదు. ఆ పొర కింది ఉక్కును కొంత కాపాడుతుంది. ఎర్రగా, పొడిగా లేచేదే తుప్పు. దాన్ని వంటసోడా ముద్దతో గానీ, నూనె అద్దిన సన్నటి గరుకు కాగితంతో గానీ అదే రోజు తీసేయాలి. వదిలేస్తే గుంటలు పడతాయి, అంచు మీద పడ్డ గుంట పెచ్చుతో సమానం. కత్తిని ఎక్కువకాలం దాచేటప్పుడు తోలు ఒరలో ఉంచకండి. తోలు తేమను పట్టుకుంటుంది.

ఇరుసు దగ్గర చేరేది జేబులోని నూలు పోగులూ, దుమ్మూ. కత్తి బిరుసుగా తెరుచుకుంటుంటే ముందు విప్పకండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో పదిసార్లు తెరిచి మూసి, మంచినీళ్లతో కడిగి, బట్టతో తుడిచి, గాలి తగిలేచోట పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఇరుసుకు రెండు వైపులా ఒక్కో చుక్క మినరల్ ఆయిల్. తినే వస్తువులు కోసే కత్తికి ఆహారానికి పనికొచ్చే రకమే వాడాలి. వంటనూనెలు వద్దు, గాలికి చిక్కబడి కొన్నాళ్లకు జిగురవుతాయి. లాకు ఆనే ముఖం మీద నూనె ఉండకూడదు, ఉంటే జారుతుంది. అక్కడ పొడిబట్టతో తుడవండి.

బ్లేడు పక్కకు ఊగుతుంటే ఇరుసు స్క్రూ బిగించాలి. సరైన కొలత బిట్టు, ఎక్కువ కత్తులకు టీ6 గానీ టీ8 గానీ, లేకుండా ముట్టుకోకండి. స్క్రూ తల అరిగితే ఇక తీయడం నరకం. ఒకేసారి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి, తెరిచి మూసి చూడండి. ఊపు పోయిన చోటే ఆగాలి. ఆ పైన బిగిస్తే వాషర్లు నలుగుతాయి, బేరింగులు గాడి పెడతాయి. స్క్రూ దానంతటదే వదులవుతుంటే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) గుండుసూది మొనకు అంటినంత పెట్టి ఒక రోజు వదిలేయండి. ఎర్రది వాడకూడదు, దాన్ని మళ్లీ విప్పాలంటే గట్టిగా వేడి చేయాల్సి వస్తుంది. రివెట్లతో బిగించిన కత్తిని విప్పే ఆలోచనే వద్దు.

లాకు కొద్దిరోజులుగా జారుతున్నట్టు అనిపిస్తే ముందు ఆ ముఖాన్ని స్పిరిటుతో తుడిచి చూడండి, చాలాసార్లు నూనే కారణం. తుడిచాక కూడా వీపు మీద బొటనవేలి ఒత్తిడికే లొంగుతోందంటే లోహం అరిగిపోయింది. పలకను వంచి సరిచేసే ప్రయత్నం ఇంట్లో చేయకండి. అది అటో ఇటో కొద్దిగా తేడాగా వంగినా పని మధ్యలో బ్లేడు వేళ్ల మీద మూసుకుంటుంది. అంచు ఎంత బాగున్నా సరే, తయారీదారు దగ్గర బాగుచేయించేదాకా ఆ కత్తిని వాడకంలోంచి తీసేయాలి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు